గోడ పక్క స్థలం

"మళ్ళీ అదే పాట మొదలెట్టకు. ముందు టీ తాగు," అంది టీచరమ్మ.

ఇంజినీరు మడిచి తెచ్చిన ప్లాను బల్ల మీద పరిచాడు. అది మడతల దగ్గర చిరిగిపోయింది. ఎగిరిపోకుండా ఒక మూల ఆవిడ కళ్ళజోడు, ఇంకో మూల ఆవిడ ఈల పెట్టాడు. ఆవిడ స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. ఈల మాత్రం రిటైరవలేదు, పక్కింటి పిల్లికి కూడా అదంటే హడల్.

"కొత్త ప్లాను తెచ్చుకోవచ్చుగా?"

"ఇది చాలండీ. మా డేటా సెంటర్లో కంప్యూటర్లు పెరిగిపోతున్నాయి. కరెంటు తినేకొద్దీ వేడెక్కుతాయి. వాటిని చల్లబరిచే చిల్లర్లు పెట్టాలంటే మా సెంటరు గోడ పక్కనున్న మీ ఇంటి స్థలమే కావాలి."

"ఉన్నవి చాలవా?"

"ఒకటి ఆగితే ఇంకోటి అందుకోవాలి కదండీ. మా దగ్గర అన్నీ రెండేసి ఉంటాయి. కరెంటు లైన్లు, జనరేటర్లు..."

"మరి నీకో?"

"నాకేంటి?"

"జ్వరమొస్తే గ్లాసుడు మంచినీళ్ళిచ్చే మనిషి. రెండో మనిషి సంగతి తర్వాత, అసలు ఒక్కరైనా ఉన్నారా?"

అతను ప్లానులోకి తల దూర్చాడు. ఎవరూ లేరు. అమ్మ పోయింది, పెళ్ళి మాట పాతబడిపోయింది, ఫ్లాట్లో టీవీ ఒక్కటే మాట్లాడుతుంది. తలుచుకుంటే దిగులేసింది.

దాదాపు రెండేళ్ళుగా ఆదివారం ఆదివారం ఇదే తంతు. అతను అడగడం, ఆవిడ ససేమిరా అనడం, రెండో టీ తాగి అతను వెళ్ళిపోవడం. "ఇంత మెత్తగా అడిగితే ఇల్లెవరిస్తారయ్యా, నీకు బేరమాడ్డం కూడా రాదు," అని ఆవిడే దెప్పేది.

ఈసారి ఆవిడ దెప్పలేదు.

"వారం నుంచీ నిద్రపట్టట్లేదోయ్. స్థలం తేలేదని మీ ఆఫీసులో నిన్నెన్ని మాటలంటున్నారో. నా మొండితనం నీ ఉద్యోగానికి ఎసరు పెట్టకూడదు. తీసుకో, ఇచ్చేస్తున్నాను."

అతను గుమ్మం పక్కన కట్టిపెట్టిన పెట్టెలు అప్పుడు చూశాడు.

"మీరెక్కడికి వెళ్తారు?"

"మా చెల్లెలింటికి. నాకిష్టం లేదనుకో. అక్కడ నా ఈలకి ఎవరూ లేవరు. అయినా నీకంటే ఈ గోడలెక్కువా?"

"తొందరేం లేదండీ. ఇంకొన్నాళ్ళు ఆలోచించుకోండి."

"ఇదేం విడ్డూరం? కాళ్ళరిగేలా తిరిగి, తీరా ఇస్తానంటే ఆలోచించుకోమంటావా? రేపు నేనే మీ ఆఫీసుకొచ్చి మీ పెద్దాయనతో చెబుతాను. ఆదివారాలు కూడా మానకుండా తిరిగాడు పాపం, ఏమీ అనకండని."

"మీరు రావద్దండీ."

"వచ్చి తీరతాను. టీ చల్లారిపోతోంది, తాగు."

అతను గ్లాసు పక్కన పెట్టి ప్లాను మడిచేశాడు.

ఆ చిల్లర్లని సెంటరు వెనక వైపు బిగించేసి ఏడాది దాటింది.