పొడుగు గొంతు

బావ రైఫిల్‌ని పాడుచేయాలన్న ఆలోచన తుపాకుల మేస్త్రీకి అక్క కొట్టు మెట్లు దిగుతుండగానే వచ్చింది. ఆమె వీధి మలుపు తిరిగేసరికి నిర్ణయమైపోయింది.

ఆ రైఫిల్ తెచ్చింది అక్కే. ట్రిగ్గర్ బిగుసుకుపోయిందట. తుపాకులు బాగుచేసే కొట్టు ఊరు మొత్తానికి అదొక్కటే. బావా బావమరుదులకు మాటల్లేవు కాబట్టి రాయబారమంతా ఆమె మీదుగానే నడుస్తోంది. మేస్త్రీని షూటింగ్ క్లబ్బులో ఆకురాయి అంటారు. ఇనుమునీ మనుషుల్నీ ఒకేలా అరగదీస్తాడని.

“ట్రిగ్గర్ ఒక్కటే చూడరా. గొంతు మాత్రం ముట్టుకోవద్దు. పొడుగైతే తేలిక బుల్లెట్లకి పనికిరాదంట. మీ బావ అవే పెట్టెల కొద్దీ కొనుక్కొచ్చి పెట్టుకున్నారు” అంది అక్క.

“గొంతంటే ఏంటో తెలుసా నీకు?”

“నాకెందుకురా? చెప్పాల్సింది చెప్పాను, అంతే.”

తూటా కూర్చునే గదికీ, గొట్టం లోపల మెలితిరిగిన గాడులు మొదలయ్యే చోటుకీ మధ్య కాస్త నున్నటి దారి ఉంటుంది. అదే గొంతు. బరువు బుల్లెట్ గాలికి చెదరదు, కానీ పొడుగ్గా ఉంటుంది, దానికి పొడుగు గొంతు కావాలి. తేలిక బుల్లెట్ పొట్టిది. పొడుగు గొంతులో దానికి ఆసరా దొరకదు. గాడులను అందుకునేలోపే పక్కకు ఒరుగుతుంది, ఆ తర్వాత దాని ఇష్టం.

ఆదివారం పోటీలో గెలిచినవాడికే జట్టులో చోటు. ఉన్నది ఒక్కటే చోటు, దాన్ని ఏటా తనకి దక్కకుండా బావే ఎగరేసుకుపోతున్నాడు. అది చాలదన్నట్టు పోయినసారి పదిమందిలో, “మా బావమరిది తుపాకి బ్రహ్మాండం, దాని వెనక బోర్లా పడుకుని కాల్చే మనిషిలోనే ఉంది లోపం” అన్నాడు. అందరూ నవ్వారు. మాటలు అప్పుడే ఆగిపోయాయి.

ఆకురాయి కొట్టు తలుపు దగ్గరగా వేశాడు. ట్రిగ్గర్ ముందు బాగుచేశాడు, అనుమానం రాకూడదుగా. తర్వాత గొంతు కోసే కత్తి తీశాడు. అది అతను సొంతంగా సానపట్టుకున్నది. బరువు బుల్లెట్‌కి సరిగ్గా ఎంత గొంతు కావాలో ఏళ్ల తరబడి తన రైఫిల్ మీదే తంటాలు పడి తేల్చుకున్నాడు. క్లబ్బులో ఎంతమంది బతిమాలినా ఆ కొలత బయటపెట్టలేదు. అదే గొంతుతో తేలికవి కాల్చి చూస్తే టార్గెట్ మీద చిల్లులు జల్లెడలా చెదిరి పడ్డాయి. బావకి ఆ జల్లెడ చాలు.

నూనె పోసి కత్తిని మెల్లగా తిప్పాడు. తీసి, రజను తుడిచి, మళ్లీ తిప్పాడు. వంకరగా కోసి పారేయొచ్చు. కానీ వంకర పని అతని చేతికి రాదు. పైగా నున్నటి పనిని ఎవరూ పట్టుకోలేరు. చెడగొట్టడానికి మొదలుపెట్టిన పనికి అద్దంలాంటి మెరుగు పెట్టి మరీ వదిలాడు.

బావ కాల్చి చూసుకునే వీలు లేకుండా, శనివారం మైదానం మూసేశాక గానీ రైఫిల్ ఇవ్వలేదు. అక్క విసుక్కోలేదు. పైగా బుగ్గ గిల్లి వెళ్లింది.

ఆదివారం గాలి ఈడ్చి కొడుతోంది. ఇద్దరూ పక్కపక్కనే పడుకున్నారు. ముందుగా సరిచూసుకోవడానికి రెండు మూడు కాల్చుకోనిస్తారు. ఆకురాయి తన రైఫిల్ సంగతి వదిలేసి బావ ముఖం మారే క్షణం కోసం ఓరకంట కాచుకున్నాడు. మారలేదు. బావ తాపీగా కళ్లజోడు తుడుచుకుని పోటీ మొదలుపెట్టాడు.

టార్గెట్లు దింపి చూస్తే బావ చిల్లులన్నీ అరచేత్తో మూసేయొచ్చు. ఆకురాయివి రెండు అరచేతులకూ అందలేదు. కాల్చింది చేతులే, కళ్లు పక్కవాడి మీదే ఉండిపోయాయి మరి.

బావ జట్టువాళ్ల మధ్య ఫొటో దిగుతుంటే అక్క రైఫిల్ సర్దుతోంది. ఆకురాయి ఆమె పక్కన చేరి నసిగాడు. తను చేసింది చెప్పుకోలేడు, అడక్కుండా ఉండనూ లేడు.

“ఇంత గాలిలో తేలికవాటితో ఎలా కొట్టాడక్కా?”

అక్క మిగిలిన తూటా ఒకటి తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. దాని మొనన ఉన్న బుల్లెట్ పొడుగ్గా, బరువుగా, అచ్చం తను వాడే రకమే.

“గొంతు పొడుగు చేసిపెట్టమంటే చచ్చినా చెయ్యవు, నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని ఆమాత్రం తెలీదా, అందుకే ముట్టుకోవద్దన్నాను” అంది.