దుద్దులో అత్తగారు

పెన్‌డ్రైవులూ హార్డ్ డిస్కులూ అటకెక్కి చాలాకాలమైంది. ఇప్పుడు మనిషి విన్నదీ అన్నదీ అంతా చెవి దుద్దులోనే దాగుతోంది. పోయాక, పదోరోజు పిండాన్ని కాకి ముట్టిన తర్వాతే వారసులు ఆ దుద్దు తెరవాలి.

సుభద్రమ్మగారి పిండం దగ్గరికి మాత్రం కాకి దిగి రావడం లేదు. గోదావరి గట్టున అందరూ ఎండకి మాడిపోతున్నారు.

"ఏదో కోరిక మిగిలిపోయిందండీ. తలో మాటా ఇచ్చి చూడండి," అన్నారు శాస్త్రిగారు.

"నీ దుద్దు ప్రాణంలా చూసుకుంటానమ్మా," అన్నాడు కొడుకు శ్రీకర్. కాకి కదల్లేదు.

"రోజూ నీ మాటలే వింటానమ్మా," అంది కూతురు వసుంధర. కాకి ఇంకా పై కొమ్మకి ఎగిరింది.

కోడలు తన్మయి ముందుకొచ్చి దండం పెట్టింది. "అత్తయ్యగారూ, నా గురించి మీరూ వదినగారూ ఫోన్లో చెప్పుకున్నవన్నీ వినకుండానే చెరిపేస్తాను."

కాకి రివ్వున వచ్చి పిండం మీద వాలింది. వసుంధర హమ్మయ్య అనుకుంది.

"ఎంత మంచి మనసమ్మా నీది!" అని మెచ్చుకున్నారు శాస్త్రిగారు.

తన్మయి వినయంగా తలొంచుకుంది. ఆస్పత్రిలో అత్తగారిని స్కానింగుకి తీసుకెళ్తూ దుద్దులు తీసి తన చేతికే ఇచ్చారు. అప్పుడే కాపీ తీసుకుని రెండుసార్లు వినేసింది. కాపీ సంగతి కాకి అడగలేదు కదా!