పాట ఆగిన బస్సు

కుట్టిక్కానం ఘాట్ మలుపులు దిగే ముందు టీ తాగి బస్సెక్కిన డ్రైవర్ వర్కికి, తన పాటల పెట్టె ఇంజన్ మూత మీద కనిపించింది. వైర్లు తెగి వేలాడుతున్నాయి. రొదపెట్టే ఫ్యాన్ కూడా ఆగిపోయింది. కండక్టర్ సుకు చేతిలో కటింగ్ ప్లయర్ ఉంది.

వర్కి ఏమీ అడగలేదు. చెంప పగలగొట్టాడు.

"రోజూ మెత్తటి గుడ్డతో తుడుచుకుంటానురా దాన్ని. ఆ పాటల కోసమే జనం ముందొచ్చే బస్సు వదిలేసి మనదెక్కుతారు. నీకేం పొయ్యేకాలం?"

"చేట్టా... అన్నా, ఒక్క మాట విను..."

వర్కి డొక్కలో తన్నాడు. పడిపోయినవాణ్ణి జుట్టు పట్టి లేపి, తల కిటికీ కమ్మీకేసి కొట్టాడు. సుకు పెదవి చిట్లి చొక్కా మీద రక్తం కారింది.

"చంపేస్తావా ఏంటయ్యా," అంది ముందు సీట్లోని పెద్దావిడ.

సుకు పళ్ల సందుల్లోంచి వస్తున్నట్టు సన్నగా బుస వినిపిస్తోంది.

"ఏడుపాపు," అంటూ వర్కి వాడి నోరు అరచేత్తో అదిమి మూశాడు.

బుస ఆగలేదు.

అది బ్రేకు పెడల్ కింది నుంచి వస్తోంది. వర్కి తల తిప్పాడు. పెట్టె బిగించి తనే ఏడాదిగా కప్పేసిన మీటరు ఇప్పుడు బయటపడింది. బ్రేకులకు గాలి ఎంతుందో చూపే ముల్లు ఎర్రగీత కిందికి వాలిపోయి ఉంది.

అతని చెయ్యి సుకు నోటి మీంచి జారిపోయింది.

సుకు రక్తం ఉమ్మాడు. "మూడ్రోజుల్నించీ చెప్తున్నా చేట్టా. చెప్పిన ప్రతిసారీ నువ్వు సౌండు పెంచావు."