రెఫరెన్సు లేని షాటు

చెబితే అతని పరువు పోతుంది, చెప్పకపోతే తన పని అయిపోతుంది, అసలు మొన్న సాయంత్రం ఆ మూల దుకాణంలో కాకుండా హాస్టల్లోనే నూడుల్స్ తినుంటే ఈ బాధే ఉండేది కాదు కదా, అనుకుంటూ నారె చాప్‌స్టిక్స్‌తో తొక్‌పొక్కి బియ్యప్పిండి ముక్కను ఎర్రటి పులుసులో గిన్నె చుట్టూ తిప్పుతోంది.

"అమ్మాయ్, పాపం దానికి కళ్లు తిరుగుతున్నాయి. తినైనా తిను, వదిలైనా వదిలేయ్," అంది హేబిన్. కొరియా దేశపు ఇంచన్‌లోని ఆ కాలేజీ సంగీత బృందానికి ఆమే పెద్ద. "కాలేజీ పండగ ముంచుకొస్తోంది. మన పాట వీడియోకి నేను గులాబీ రంగు గది షాటు తెచ్చాను. తేమున్ ఖాళీ రైలుపెట్టె తెచ్చాడు. ఏ వీడియోలోంచి ఎత్తామో కూడా చూపించాం. నీ షాటేది? ఇవాళా నోరు విప్పకపోయావో, షూటింగ్‌లో నీకు పైపు పట్టుకుని వాన కురిపించే పనే!"

ఫలానా వీడియోలోది అని చూపించే రెఫరెన్సు లేని షాటు చెల్లదు. అది హేబిన్ పెట్టిన నియమం. పోయినేడు ఎవరో సొంతంగా ఆలోచించి కోడిగుడ్ల పరుపు మీద పాటగాణ్ణి పడుకోబెట్టారు. ఆ వాసన బృందం గదిని ఇంకా వదల్లేదు.

ఈసారి పాట తేమున్ కట్టాడు. ఎప్పుడూ పరీక్ష రాస్తున్నట్టుండే మొహం అతనిది. ఇప్పుడూ అదే మొహంతో కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఒకటుందక్కా," అంది నారె. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "వాన. రోడ్డు మీద ఒక్క బండీ లేదు. దాటడానికి ఒకబ్బాయి ఎర్రలైటు దగ్గర గొడుగుతో నిలబడి ఉంటాడు. ఎవరూ లేరనుకుని డాన్స్ మొదలెడతాడు. ఒళ్లు తెలియకుండా! పచ్చలైటు పడుతుంది, పోతుంది, మళ్లీ పడుతుంది. అతనికి పట్టదు."

హేబిన్ బల్ల మీద చరిచింది. పులుసు చిందింది. "ఓలమ్మో! ఇదీ షాటంటే! ఎవరిదే ఇది?"

"ఏదో... పాత బృందం. పేరు గుర్తులేదు."

హేబిన్ వేళ్లు ఫోన్ మీద పరుగెత్తాయి. "వాన, గొడుగు, ఎర్రలైటు... ఒక కప్ప డాన్స్ చేస్తోంది. అబ్బాయి మాత్రం లేడు. నిజం చెప్పు, నువ్వే కల్పించావు కదూ?"

నారె తేమున్ వైపు దొంగచూపు చూసింది. ఆ గొడుగు అబ్బాయి ఎవరో అతనికి ఈపాటికి అర్థమై ఉంటుంది. సిగ్గుపడి బృందం వదిలేస్తాడు. అతను రాకపోతే, రోజూ ఈ గోడకానుకుని కూర్చోడానికి తనకిక సాకేముంటుంది?

"ఉంది," అన్నాడు తేమున్, కిటికీ వైపు నుంచి తల తిప్పకుండానే. "ఆ వీడియో నేనూ చూశాను."

అతని చెవులు తొక్‌పొక్కి రంగుకి తిరిగాయి.

"నిజంగానా ఒరేయ్?"

"అందులో ఒకమ్మాయి కూడా ఉంటుంది. నారె మర్చిపోయినట్టుంది. అతని వెనకే దుకాణం, అద్దం అవతల కూర్చుని ఉంటుంది. నూడుల్స్ నోటిదాకా తెచ్చి, అక్కడే ఆపేస్తుంది. నోరు తెరుచుకునే ఉంటుంది. చాలాసేపు."

నారె నోరు తెరుచుకుంది. గబుక్కున మూసుకుంది.

"బావుందిరా!" హేబిన్ కుర్చీలో ఎగిరినంత పని చేసింది. "కానీ ఆ మొద్దెవడు? అన్నిసార్లు పచ్చలైటు పడితే చూసుకోడా?"

"చూశాడు. ప్రతిసారీ చూశాడు." తేమున్ ఇప్పుడు ఇటు తిరిగాడు. "దాటి వెళ్లిపోతే ఆ అమ్మాయికి కనపడడు కదా."

"అయ్యో పిచ్చినాయన! సరే, ఖాయం. మరి ఆ అమ్మాయి వేషం ఎవరేస్తారు?"

నారె తొక్‌పొక్కి ముక్కను మెల్లగా పైకెత్తింది. నోటిదాకా తెచ్చింది. తేమున్ వైపే చూస్తూ, నోరు తెరిచి, అక్కడే ఆపేసింది.