కుర్చీకి మార్కులు

పెద్దావిడ మంచం వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేరుగా వెళ్లి మంచం పక్కనున్న కుర్చీలో కూర్చుంది.

కూర్చుని ఊరుకుందా? వెనక్కి వాలింది. ముందుకు వంగింది. చేతులు ఆనించుకునే చోట వేళ్లతో నొక్కింది. సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు కుర్చీ కాళ్లు కూడా కదిపి చూసింది.

గుమ్మంలో నిలబడ్డ పెద్ద నర్సు నవ్వు తెచ్చిపెట్టుకుంది. ఆ హాస్పిస్‌లో ఆమెది పదకొండేళ్ల అనుభవం. ఇక వైద్యం లేదని తేలినవాళ్లు, మిగిలిన నాలుగు రోజులూ నొప్పి తెలియకుండా గడపడానికి వచ్చే చోటది. ముందుగా చూసిపోవడానికి వచ్చే ఇంటివాళ్లు పరుపు మెత్తగా ఉంటుందా అంటారు. డాక్టరు రోజుకెన్నిసార్లు వస్తాడంటారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఈవిడ కుర్చీని పట్టుకుంది.

పెద్దాయన గోడకు చేరబడి, చేతిసంచీని పొట్టకు అదుముకుని నిలబడ్డాడు. మనిషి వడలిపోయాడు. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకున్నాడు.

"బాగానే ఉందిలే. ఇంటికెళ్దాం పదవే," అన్నాడు నీరసంగా.

"మీరుండండి. మూడు చోట్లా ఇదే పాట పాడారు."

ఇప్పటికి మూడు హాస్పిస్‌లు చూసొచ్చిందట. ఆవిడ నోటుబుక్కులో వాటికి మార్కులు కూడా పడ్డాయి. మొదటిచోట ప్లాస్టిక్ కుర్చీ. వందకి పది. రెండోచోట తోడున్నవాళ్లని సాయంత్రం ఆరింటికల్లా బయటికి పంపేస్తారు. సున్నా. మూడోచోట గోడగడియారం మరీ గట్టిగా కొట్టుకుంటోంది. పక్కన కూర్చున్నవాళ్లు దాన్నే వింటూ కూర్చోవాలట. పదిహేను.

"డాక్టరుగారు ఎంతకాలమన్నారమ్మా?" పెద్ద నర్సు గొంతు తగ్గించి అడిగింది.

"ఆరు వారాలు. మహా అయితే ఏడు," అంది పెద్దావిడ, రైలు టైము చెప్పినంత తాపీగా. "అందుకే చోటు ఇవాళ తేల్చేయాలి."

"ఫైలు చూపిస్తారా?"

"చూద్దురుగాని. ముందు నేను చూడాల్సినవి చూడనివ్వండి."

"సరే. మా దగ్గర నొప్పికి మందు ఎలా ఇస్తామంటే..."

"అది మీరెలాగూ ఇస్తారు. అందుకేగా బోర్డు పెట్టుకున్నారు! తోడున్నవాళ్లకి భోజనం ఎన్నింటికి?"

"ఒంటిగంటకండీ."

"ఆలస్యం. పన్నెండున్నరకల్లా పెట్టించాలి. వేడిగా ఉండాలి. ఉప్పు తక్కువ."

"తోడున్నవాళ్లకా?"

"మరింకెవరికి? మంచాన పడ్డ మనిషికి ఆకలెక్కడ ఏడిసింది?"

ఆహా, ఏం ఇల్లాలు! అనుకుంది పెద్ద నర్సు. అన్నీ తన సుఖమే. ఆరు వారాలు పక్కన కూర్చోవాలి కదా, పాపం, ఒళ్లు హూనమైపోదూ!

"వాళ్లు బీపీ మాత్ర మర్చిపోతే గుర్తుచేసే దిక్కుందా?"

"అమ్మా, మేం రోగులకి మాత్రలిస్తామండీ."

"తోడున్నవాళ్లు కూడా పడిపోతే మీకు ఇంకో మంచం కావాలి. ఆలోచించుకోండి."

పెద్దాయన గోడ వెంట మెల్లగా కిందికి జారుతున్నాడు. పెద్ద నర్సు పరుగున వెళ్లి భుజం పట్టుకుంది.

"ఆయన్ని కాసేపు మంచమ్మీద పడుకోబెడదామా?"

"మంచమ్మీదా? ఎందుకూ?" పెద్దావిడ లేచి నిలబడింది. "మీరిలా రండి. ఇందులో కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. కాసేపట్లోనే గురక మొదలుపెట్టాడు. పెద్దావిడ మంచం పట్టుకుని నిలబడి, తల పక్కకి వంచి ఆయన్నే పరీక్షగా చూసింది.

"మెడ వాలిపోవట్లేదు, చూశారా?" అంది మురిసిపోతూ. నోటుబుక్కులో తొంభై వేసింది.

పదకొండేళ్లలో రకరకాల పెళ్లాల్ని చూసింది పెద్ద నర్సు. పోయేముందు మొగుడితో కుర్చీకి పరీక్ష పెట్టించిన మహాతల్లిని మాత్రం ఇదే చూడటం.

"అంతా అయిపోయాక ఎంతసేపు కూర్చోనిస్తారు?"

"మీ ఇష్టమండీ."

"నా ఇష్టంతో పనేముంది? మీ పద్ధతి చెప్పండి. తర్వాతివాళ్లు కాచుక్కూర్చున్నారని గంటలో తరిమేస్తారా?"

"తరమమండీ. ఆ తర్వాత కూడా ఏడాదిపాటు ఫోన్ చేస్తుంటాం. ఒంటరిగా మిగిలినవాళ్లంతా శనివారం శనివారం ఇక్కడే కలుస్తారు. టీ తాగుతారు. కబుర్లు చెప్పుకుంటారు."

పెద్దావిడ మొహం ఒక్కసారిగా వెలిగింది.

"మగవాళ్లు కూడా వస్తారా?"

పెద్ద నర్సు తెచ్చిపెట్టుకున్న నవ్వు అక్కడితో సరి.

"వస్తారు. ఆరేడుగురు," అంది ముక్తసరిగా.

"పేకాట వచ్చినవాళ్లున్నారా?"

"ఉన్నారు."

"హమ్మయ్య!"

మొగుడి గురక గదంతా వినబడుతూనే ఉంది. ఈవిడ అప్పుడే శనివారాలు సర్దేసుకుంటోంది. ముందుచూపంటే ఇదీ!

"నాకు నచ్చింది. ఇక్కడే. కాగితం ఇవ్వండి."

పెద్ద నర్సు చేర్పించే ఫారం అందించింది. పెద్దావిడ కళ్లజోడు సవరించుకుని, ఒక్కో గడీ గుండ్రటి అక్షరాలతో నింపి, తిరిగి ఆమె చేతికిచ్చింది.

రోగి పేరు అన్నచోట ఆవిడ తన పేరు రాసుకుంది; తోడు ఉండేవారు అన్నచోట, కుర్చీలో గురకపెడుతున్న ఆయన పేరు రాసింది.