తల దగ్గర కూర్చున్నావిడ

బుడమేరు బెజవాడను ముంచిన ఏడాది.

కింద దివిసీమలో కృష్ణ లంకల్లోకి ఎక్కింది. పోతయ్య నడుంలోతు నీళ్ళలో గేదెదూడను ఎత్తుకుని కరకట్ట మీదికి చేర్చాడు.

దూడ బతికింది. ఆయన గజ్జలో పేగు జారింది.

"ఆపరేషన్ చెయ్యాల్సిందే," అన్నారు బందరులో సర్జన్ ఈశ్వరప్రసాద్ గారు.

"నీకసలే బీపీ, పోతయ్య మావా. మత్తిస్తే గుండె తట్టుకుంటుందో లేదో," అన్నాడు పక్కింటి సత్తిబాబు.

ఆ మాటతో పోతయ్య భార్య నాగేశ్వరమ్మకు అన్నం సయించడం మానేసింది. పోతయ్య పైకి ఏమీ అనలేదు. ఆయన ఎప్పుడూ ఏమీ అనడు.

థియేటర్లో కూర్చోబెట్టి, వెనక నుంచి ఎవరో వెన్నులో సూది గుచ్చారు. కాళ్ళు మొద్దుబారాయి. పడుకోబెట్టి ఛాతీ మీదుగా గుడ్డ అడ్డం కట్టారు. గుడ్డకు అవతల ఈశ్వరప్రసాద్ గారు పని మొదలుపెట్టారు.

ఇవతల, తల దగ్గర, స్టూలు మీద మాస్కు కట్టుకుని ఒకావిడ. కబుర్లు మొదలుపెట్టింది.

"మీదే ఊరు బాబాయ్?"

"లంక."

"ఏ లంక?"

"మునిగింది."

"మీ ఇంట్లో చేపల పులుసుకి చింతపండా, మామిడికాయా?"

"ఏది దొరికితే అది."

ఈ ఆయాకు వేరే పనేం లేదు కాబోలు, అనుకున్నాడు పోతయ్య.

కాసేపటికి ఆవులింతలు వచ్చాయి. తల పక్కన టిక్కుటిక్కుమనే గుండె మిషను చప్పుడు నెమ్మదించింది. మాటలు ఏటికి అవతలి గట్టు నుంచి వస్తున్నట్టున్నాయి.

"కాళ్ళు ఎత్తి పట్టండి!" ఎవరో కేకేశారు.

"బాబాయ్! మీ ఆవిడ పేరేంటి?"

ఆ పేరు పోతయ్య ఏనాడూ నోటితో అనలేదు. పిలవాలంటే 'ఏమేవ్' అనేవాడు. పదిమందిలో పెళ్ళాం పేరెత్తడం వాళ్ళ ఇంటా వంటా లేదు.

"పేరు బాబాయ్, పేరు! చెప్పేదాకా వదలను!" చెంప మీద తట్టింది.

"నాగే... శ్వరమ్మ," అన్నాడు, ఆ గోల పడలేక.

"హమ్మయ్య! ఏదీ, ఇంకోసారి."

ఇంకోసారి చెప్పించింది. అంతమంది మగాళ్ళ ముందు. ఆయనకు ఒళ్ళు మండింది.

వార్డులోకి తెచ్చాక నాగేశ్వరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని బావురుమంది.

"ఏడుపెందుకే? గుండె రాయిలా ఉంది. సత్తిగాడికి చెప్పు. అక్కడొక ఆయా ఉంది, దాని నోరే తట్టుకోలేకపోయా."

"నీ చేత మాట్లాడించిందా? అయితే ఆవిడకి దణ్ణం పెట్టాలయ్యా. ఇన్నేళ్ళకీ నావల్ల కాలేదు."

సాయంత్రం ఆవిడే, హెల్మెట్ చేత్తో పట్టుకుని, మంచం దగ్గరికి వచ్చింది.

"తలనొప్పి ఏమన్నా ఉందా బాబాయ్?"

పోతయ్య ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆవిడ నవ్వింది. "వస్తానండీ, నాగేశ్వరమ్మ గారూ."

"నా పేరు నీకెవరు చెప్పారమ్మా?"

"బాబాయే. రెండుసార్లు."

నాగేశ్వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ మెట్లు దిగి వెళ్ళేదాకా అలాగే చూస్తూ నిలబడింది. ఆ తర్వాత అవసరం లేకపోయినా మొగుడి దుప్పటి సర్దింది.

మర్నాడు పొద్దున్నే ఈశ్వరప్రసాద్ గారు రౌండ్సుకు రాగానే పోతయ్య నెమ్మదిగా లేచి కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒకరి మీద ఫిర్యాదు చేశాడు.

"డాక్టరు గారూ, నా తల దగ్గర కూర్చుందే, ఆ ఆయాని కాస్త అదుపులో పెట్టండి. పెళ్ళాం పేరు దాకా వచ్చింది. ఓసారి పిలిపించండి, నాలుగు మాటలు అడుగుతా."

"నాలుగే!" అంది నాగేశ్వరమ్మ.

ఈశ్వరప్రసాద్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఆవిడ మా ఆసుపత్రి మనిషి కాదండీ. ఎవరు పిలిస్తే అక్కడికి వెళ్తారు. ఈపాటికి గుడివాడలో ఇంకెవరి తల దగ్గరో కూర్చుని ఉంటారు."

"ఆయాలు కూడా ఊళ్ళు తిరుగుతారా అండీ?"

"ఆయా ఏంటి పోతయ్య గారూ, నిన్న మీ బీపీ పడిపోయి గుండె ఆగిపోబోతుంటే మందెక్కించి దాన్ని నిలబెట్టి, తెలివి ఉందో లేదో మీ మాటల్లోనే కనిపెట్టుకుంటూ కూర్చున్న మత్తు డాక్టరు గారు ఆవిడే."