బూట్ల దండ

రెబ్కా సంచిలో కూతురు జెస్సీ ఫుట్‌బాల్ బూట్లున్నాయి. రెండింటి లేసులూ కలిపి గట్టిగా ముడేసింది. మెడలో వేస్తే దండలా వేలాడతాయి. పొద్దున బయల్దేరే ముందు తలుపేసుకుని, తన మెడలోనే వేసుకుని అద్దంలో చూసుకుంది కూడా.

చెప్పుల దండ సంగతి అందరికీ తెలిసిందే. అది పడ్డ మనిషి మళ్ళీ నలుగురిలో తలెత్తుకోలేడు. ఇవాళ బూట్ల దండ ఎలా ఉంటుందో కూడా చూస్తారు. జెస్సీ మోకాలు పోవడానికి ఎవరు కారణమో వాళ్ళ మెడలోనే, మైకు ముందు, జనమంతా చూస్తుండగా పడాలి. ఆ ఒక్క ముచ్చట కోసమే కడుపులో నిప్పు పెట్టుకుని ఏడాదంతా మిరపకాయలకి ముచ్చికలు తీసుకుంటూ బతికింది.

"అదేనంటగా, ఏడో నంబరు?" గ్రౌండు గట్టు మీద పక్కన కూర్చున్న ఖుర్షిదా మోచేత్తో పొడిచింది. ఇద్దరూ ఒకే కోల్డ్ స్టోరేజీలో కూలికెళతారు. "చూడు, ఎట్టా గెంతుతుందో! ఒకళ్ళ పిల్ల కాలు ఇరగ్గొట్టి అన్నం ఎట్టా తింటదో ఏమో!"

 రెబ్కా ఏడో నంబరు మీదే చూపు నిలిపింది. వేటపాలెం జట్టు అమ్మాయి. పేరు ఆరాధన. పోయినేడు ఇదే టోర్నమెంటు ఫైనల్లో బంతి కోసం దూసుకొచ్చి జెస్సీని ఢీకొట్టింది ఈ పిల్లే. తర్వాత ఆస్పత్రికొచ్చి రెబ్కా కాళ్ళ మీద పడి వెక్కి వెక్కి ఏడ్చింది. 

జెస్సీ ఇప్పుడు కుంటుతూ నడుస్తుంది. పరుగన్నది లేదు. స్పోర్ట్స్ కోటాలో వస్తుందనుకున్న కాలేజీ సీటు గాల్లో కలిసిపోయింది. టీవీలో ఫుట్‌బాల్ వస్తే లేచి అవతలికి పోతుంది. ఈ బూట్లని చెత్తబండిలో పడేయబోతుంటే రెబ్కానే లాక్కుని దాచింది.

ఈ ఏడూ ఫైనల్లో ఆ రెండు జట్లే, వేటపాలెం, మన ఊరు. గ్రౌండు పక్క కల్లాల్లో మిరపకాయలు ఆరబోశారు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా జనం తుమ్ముతున్నారు.

మన జట్టు కోచ్ శివరామకృష్ణ గీత పక్కన నిలబడి గొంతు చించుకుంటున్నాడు.

"జెస్సీ కాలు గుర్తుందా మీకు? ఆ ఏడో నంబర్ని వదలొద్దు! ఇవాళతో తేలిపోవాలి!"

"సారుకి నీ పిల్లంటే ఎంత ప్రాణమో చూడు" అంది ఖుర్షిదా.

"చూస్తూనే ఉన్నాగా" అంది రెబ్కా.

ఆట చివరికొచ్చింది. ఇంకా ఒక్క గోలూ పడలేదు. ఆరాధన బంతి తీసుకుని దూసుకుపోతుంటే మన తేజశ్రీ వెనకనుంచి వచ్చి కాలడ్డం పెట్టింది. ఆ పిల్ల దభీమని పడింది. మడమ పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. రిఫరీ తేజశ్రీకి పసుపు కార్డు చూపించాడు. మనవాళ్ళు మాత్రం ఈలలేశారు.

"బాగా అయింది!" ఖుర్షిదా చప్పట్లు కొట్టింది.

రెబ్కా వేళ్ళు సంచిని నలిపేస్తున్నాయి. పోయినేడు జెస్సీ కూడా ఇలాగే పడింది. లేచింది. కాసేపటికి మళ్ళీ పడింది. ఆ రెండోసారి ఇక లేవలేదు.

వేటపాలెం కోచ్ అష్రఫ్ పరుగున వచ్చాడు. నెరిసిన గడ్డం మనిషి. మట్టిలో చతికిలబడి ఆ పిల్ల మడమ చుట్టూ వేళ్ళతో తడిమి చూశాడు.

"ఏం కాలేదు సార్, ఆడతాను" అంటూ ఆరాధన లేవబోయింది.

"కూర్చో."

"నా బదులు ఆడ్డానికి ఎవరూ లేరు సార్! కప్పు పోతుంది!"

"పోతే పోనియ్ తల్లీ. కప్పుదేముంది, మళ్ళీ వస్తది. కాలు వస్తదా?"

ఆ పిల్ల ఎంత ఏడ్చినా వినలేదు. భుజం ఆసరా ఇచ్చి బయటికి నడిపించుకొచ్చాడు. మిగిలిన పదిమందితోనే వేటపాలెం ఆడింది. ఒక్క గోలు తేడాతో ఓడిపోయింది.

రెబ్కా కళ్ళు తుడుచుకుంది.

"ఏడవమాకే" అంది ఖుర్షిదా. "దానికీ తగలాల్సింది తగిలింది. ఇక వదిలెయ్."

"ఇంకా అవలేదు" అంది రెబ్కా.

బహుమతులిచ్చే వేళయింది. వేదిక నిండా శాలువాలు, బంతిపూల దండలు. వేటపాలెంలో బాగా ఆడిన అమ్మాయని ఆరాధననీ పిలిచి, కట్టు కట్టిన కాలితో కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ పక్కనే శివరామకృష్ణ కప్పు పట్టుకుని మైకందుకున్నాడు.

"ఈ గెలుపు మా జెస్సీది! వాళ్ళమ్మగారు ఇక్కడే ఉన్నారు. రండి రెబ్కమ్మ గారూ! ఏడాదిగా మీ గుండెల్లో ఉన్నదేంటో అందరిముందూ చెప్పండి!"

జనం చప్పట్లు కొట్టారు. రెబ్కా సంచితో వేదికెక్కింది. చెప్పడానికేముంది? సంచిలో చెయ్యి పెట్టి బూట్లు బయటికి తీసింది. లేసులు రెండు చేతులతో విప్పార్చి పట్టుకుంది.

చప్పట్లు ఆగిపోయాయి. ఆరాధన ముఖం పాలిపోయింది. కుర్చీలోంచి కదల్లేదు. కళ్ళు మూసుకుని, మెడ ముందుకి వంచింది.

రెబ్కా ఆ వంచిన తలని ఒకసారి నిమిరి, రెండడుగులు ముందుకేసి, పోయినేడు మొదటిసారి పడ్డప్పుడు "మోకాలు కదలట్లేదు సార్" అని జెస్సీ మొత్తుకుంటున్నా వినకుండా నొప్పి స్ప్రే కొట్టి "నాటకాలాపి లేచి ఆడు" అంటూ మళ్ళీ గ్రౌండులోకి తోసిన శివరామకృష్ణ మెడలో ఆ బూట్లు వేసింది.